మసకబారిన మోటారు దీపములు

చీకటి పడిన తరువాత మన పల్లెల మీదుగా పోవు రహదారిపై కారు నడపువారికి ఎదురుపడు వస్తువులు చాలవరకు తమకు తాముగా కనబడునవి కావు. వెనుక ఎర్రదీపము లేని ట్రాక్టరు ట్రక్కు, రోడ్డుపై ఆరబోసిన ధాన్యము చుట్టు పేర్చిన రాళ్లు, మేత ముగించుకొని నెమ్మదిగా దారి దాటు గేదెలు, నల్ల కంబళి కప్పుకొని రోడ్డు అంచున నడచిపోవు బాటసారి, వీరిలో ఎవరి యునికిని గాని మనకు తెలుపవలసినది మన బండి దీపమే. ఆ దీపము ఎంత దూరము చూపునో, రాత్రివేళ మన ప్రపంచము అంత దూరమే.

ఇంతటి బాధ్యత గల దీపమును మనము పరికించి చూచుట అరుదు. టైర్లలో గాలి చూచుకొందుము. ఇంజనులో నూనె చూచుకొందుము. బానెట్టుపై గీత పడినచో మనసు కష్టపెట్టుకొందుము. కాని అయిదారేండ్లు ఎండలో నిలిచిన కారు ముందు నిలుచుండి చూచినచో, దీపము మీది కప్పు పసుపువన్నె తిరిగి, నీళ్లలో పాలు కలిపినట్లు మసకగా కనబడుట కలదు. ఈ మార్పు ఒక్క దినమున వచ్చునది కాదు. రోజుకు రవంత చొప్పున వచ్చును గనుక, నడపువాని కన్ను దానికి అలవాటు పడిపోవును. రాత్రి దారి సరిగా కానరానప్పుడు తన చూపు తగ్గినదేమో యని కండ్లజోళ్ల దుకాణమునకు పోవును గాని, శుక్లము వచ్చినది తన కంటికి కాదు, కారు కంటికని అతనికి తోచదు.

పూర్వపు కార్లకు ఈ బాధ లేదు. అంబాసిడరు, ఫియట్ కార్ల గుండ్రని దీపములకు గాజు కప్పులుండెడివి. గాజు పగులునే గాని పచ్చబడదు. 1953వ సంవత్సరమున జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేనియల్ ఫాక్స్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వేర్వేరుగా పాలీకార్బొనేట్ అను పారదర్శకమైన ప్లాస్టిక్కును తయారుచేసిరి. గాజుతో పోల్చినచో దీని బరువు ఇంచుమించు సగము. రాయి తగిలినను సులభముగా పగులదు. కోరిన వంపున అచ్చుపోయుటకు వీలగును. 1983లో అమెరికా ప్రభుత్వము తన నిబంధనలను మార్చి ఇట్టి దీపములకు అనుమతి నీయగా, 1984 నమూనా లింకన్ మార్క్ 7 కారుతో అవి అచ్చట రోడ్డెక్కినవి. క్రమముగా ఇతర దేశములలోను గాజు స్థానమును ప్లాస్టిక్కు ఆక్రమించినది. నేడు మన వీధులలో తిరుగు కొత్త కార్లకే గాక, స్కూటర్లకును మోటారు సైకిళ్లకును గూడ సాధారణముగా ఉన్నవి ఇట్టి కప్పులే.

ఈ పదార్థమునకు రెండు బలహీనతలు కలవు. మొదటిది, దెబ్బకు ఎంత గట్టిదైనను గీతకు మెత్తనిది. దుమ్ములోని ఇసుకరేణువు గాజును గీయలేకపోవచ్చును గాని దీనిని తేలికగా గీయును. రెండవది, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములకు ఇది ఓర్వలేదు. ఆ కిరణములు తగిలినప్పుడు పాలీకార్బొనేటులోని పొడవైన అణువుల గొలుసులు తెగి, గాలిలోని ఆమ్లజనితో కలసి కొత్త పదార్థములుగా మారును. పసుపు వన్నె వచ్చుట ఇందువలననే. అటుపిమ్మట పైభాగము పెళుసెక్కి, కంటికి ఆనని సన్నని బీటలు వారును.

ఈ లోపములను ఎరిగినవారగుటచేతనే తయారీదారులు కర్మాగారములోనే కప్పు వెలుపలి ముఖమునకు కొన్ని మైక్రానుల మందమున ఒక గట్టి పూత పూయుదురు. మన తల వెండ్రుకకంటె పలుచనిదగు ఈ పూత గీతలను కొంతవరకు ఆపును. అందులో కలిపిన రసాయనములు అతినీలలోహిత కిరణములను తామే మ్రింగివేయును. కాబట్టి దీపమును నిజముగా కాపాడుచున్నది ఈ కానరాని పూతయే. ఏండ్ల తరబడి ఎండయు, ఎదురు గాలిలో వచ్చు ఇసుకయు, పొడిగుడ్డ రాపిడియు దీనిని అరగదీయును. పూత పోయిన చోట ప్లాస్టిక్కు ఎండకు దిగంబరముగా నిలుచును. రెంటచింతల, రామగుండము వంటి తావుల వేసవి నెరిగిన మనకు ఆ పైని జరుగునది వేరుగా చెప్పనక్కరలేదు. ఊరట గొలుపు సంగతి ఒకటి యున్నది: చెడునది సాధారణముగా కాగితముకంటె పలుచనైన పైపొర మాత్రమే. లోపలి ప్లాస్టిక్కు స్వచ్ఛముగనే యుండును.

మసక వలన నష్టమెంత? 2018లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారు పాతబడిన దీపములను పరీక్షించిరి. డిమ్ములో వెలిగించినప్పుడు మసకబారిన దీపములు కొత్త దీపమిచ్చు కాంతిలో నూటికి 22 పాళ్లు మాత్రమే ఇచ్చినట్లు తేలినది. దీని యర్థమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. దీపమునుండి దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగునని మనము బడిలో చదువుకొన్న సూత్రము. దానిని తిరుగవేసినచో, దీపపు కాంతి నాలుగవ వంతునకు పడిపోయినప్పుడు, అదే వెలుగు సగము దూరమునకే అందును. కొత్త దీపము 60 మీటర్ల దూరమున నున్న మనిషిపై ప్రసరింపజేయు వెలుగును ఈ మసక దీపము 28 మీటర్లకు మించి ప్రసరింపజేయజాలదు.

ఇప్పుడు కారు సంగతి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు క్షణమునకు దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట గేదె కనబడినది మొదలు కాలు బ్రేకుపై పడువరకు క్షణమున్నర కాలము పట్టునని యనుకొన్నను, కారు అప్పటికే 25 మీటర్లు పోయియుండును. పొడిరోడ్డుపై మంచి బ్రేకులతో ఆగుటకు మరి 23 మీటర్లు పట్టును. మొత్తము 48 మీటర్లు. అరువది మీటర్లు చూపు దీపముండిన కారు ఆగును. గేదెయు బ్రతుకును, మనమును బ్రతుకుదుము. ఇరువది యెనిమిది మీటర్లు చూపు దీపముండిన కారు కాలు బ్రేకుపై పడిన కొద్దిపాటిలోనే గేదెను చేరును. ఇందు నడపువాని నేర్పునకు చోటు లేదు.

పోయిన వెలుగు ఏమైనది? కొంత మసకలోనే ఇంకిపోవును. మిగిలినది చెదరిపోవును. కారు దీపము కాంతిని ఒక పద్ధతిగా పంచును. డిమ్ములో నున్నప్పుడు ఒక గీతకు దిగువనే వెలుగు పడి, పైభాగము చీకటిగా నుండవలెను. ఎదురుగా వచ్చువాని కండ్లు ఆ చీకటి భాగముననే యుండును. కప్పుపై గీతలును బీటలును ఏర్పడినప్పుడు కిరణములు ఈ కట్టుబాటును మీరి అన్ని దిక్కులకు చెదరును. రోడ్డుపై పడవలసిన వెలుగు ఎదుటివాని కంట పడును. కనుక మసక దీపము తన యజమానికి చీకటిని, ఎదుటివానికి మిరుమిట్లను పంచిపెట్టుచున్నది.

ఈ సంగతి తెలియక కొందరు ఎక్కువ వాట్ల బల్బు వేయింతురు. సాధారణముగా వాడుకలో నున్న హెచ్4 బల్బు 60, 55 వాట్లది. దాని స్థానమున 100, 90 వాట్ల బల్బు వేసినచో చెదరు వెలుగు గూడ అంతకంతకు పెరుగును. దానికి తోడు వేడి హెచ్చి, లోపలి అద్దపు పూతయు వైర్ల తొడుగులును కమిలిపోవు ప్రమాదము కలదు. మురికి కిటికీకి మందు పెద్ద దీపము కాదు, కిటికీని శుభ్రపరచుటయే.

శుభ్రపరచుటకు ముందు మసక ఎచ్చట నున్నదో నిశ్చయించుకొనవలెను. ఇందులకు ఒక చెంబెడు నీరు చాలును. దీపములు ఆర్పి, చల్లారిన తరువాత, కప్పుపై నీరు పోసి చూడుడు. తడిసినంతసేపు కప్పు తేటపడి, ఆరగానే మరల మసకబారినచో, లోపము వెలుపలి ముఖముననే యున్నదని అర్థము. గీతలలో నున్న గాలి స్థానమును నీరు ఆక్రమించును. ప్లాస్టిక్కునకు గాలికి నడుమ నున్నంత వ్యత్యాసము ప్లాస్టిక్కునకు నీటికి నడుమ లేదు గనుక, కాంతి తక్కువగా చెదరును. నూనె పడిన కాగితము వెలుగును దాటనిచ్చుటయు ఈ కారణముచేతనే. నీరు పోసినను మార్పు లేనిచో లోపము లోపలి ముఖమున నుండవచ్చును, లేదా బీటలు లోతుగా పోయి యుండవచ్చును. లోపల నీటిబొట్లు నిలిచియుండినచో అంచుల అతుకు విడినదని గాని, గాలి ఆడు రంధ్రము మూసుకొనినదని గాని అనుమానింపవలెను. అట్టివానికి బయట ఎంత రుద్దినను ఫలముండదు. మెకానిక్కుకు చూపవలెను, లేదా దీపమునే మార్చవలెను.

కొబ్బరినూనె పూసిన దీపము మెరయుననువారు కలరు. మెరయును, కాని అది నీటి పరీక్షకు మరియొక రూపము మాత్రమే. నూనె ఉన్నంతసేపే మెరుపు, పైగా దుమ్ము దానికి అంటుకొనును. టూత్‌పేస్టులో మెత్తని సుద్ద వంటి పొడి యుండును గనుక రుద్దినకొలది పైమసక కొంత పోవును. ఈ వ్యాసకర్తయు మొదట ఆ చిట్కానే నమ్మి, ఒక ఆదివారము చేతులు నొప్పిపుట్టువరకు రుద్ది, కారు కొత్తదైనదని సంతసించెను. వేసవి గడచునప్పటికి దీపములు మునుపటికంటె ఎక్కువగా పచ్చబడినవి. మిగిలియున్న కొద్దిపాటి పూతను గూడ తన చేతితోనే తుడిచివేసితినని అతనికి తరువాత గాని తెలియలేదు. ఇక పెట్రోలు, తిన్నరు, గోళ్లరంగు తుడుచు ఎసిటోను, దోమలు కుట్టకుండ ఒంటికి పూసికొను మందులు వీనిని దీపము దరికి చేరనీయరాదు. ఇవి పైపొరను కరిగించి క్షణకాలము తేటగా కనబడజేసినను, ప్లాస్టిక్కును లోలోపల బీటలు వారజేయగలవు.

సరియైన పద్ధతి రెండు భాగములు గలది: చెడిన పొరను తీసివేయుట, కొత్త రక్షణను కల్పించుట. మొదటి భాగమును నీడపట్టున, ఇంజను చల్లారిన తరువాత ప్రారంభింపవలెను. సబ్బునీటితో దుమ్మంతయు కడిగి, చుట్టునున్న రంగునకు గీతలు పడకుండ మాస్కింగ్ టేపు రెండు వరుసలుగా అంటింపవలెను. రంగులు వేయువారు వాటర్ పేపరు అను ఉప్పుకాగితమును నీటిలో నానబెట్టి వాడవలెను. పాత పూత పెచ్చులుగా లేచియుండినచో 600 నంబరుతోను, మసక మాత్రమే యుండినచో 1000 నంబరుతోను మొదలుపెట్టి, క్రమముగా 1500, 2000 నంబర్లకు పోవలెను. నంబరు పెరిగినకొలది కాగితము మెత్తనిదగును. ఒక నంబరుతో అడ్డముగా రుద్దినచో తరువాతి దానితో నిలువుగా రుద్దుట మంచిది. మొదటి గీతలు పూర్తిగా పోయినవో లేదో అప్పుడు స్పష్టముగా తెలియును. కప్పు ఎన్నడును పొడిబారకూడదు. మొదట కారు నీరు పచ్చగా నుండును. అది తెల్లబడినప్పుడు చెడిన పొర పోయినట్లు లెక్క.

ఈ దశలో దీపము మునుపటికంటె వికారముగా, సున్నము కొట్టినట్లు కనబడును. భయపడ పనిలేదు. మరల నీరు పోసి చూడుడు. అంతటను సమముగా తేటపడినచో పని సరిగా జరిగినది. అక్కడక్కడ మచ్చలు మిగిలినచో వెనుకటి నంబరుకు పోయి మరల రుద్దవలెను.

రెండవ భాగమే ముఖ్యమైనది. మనవారు ఎక్కువగా విడిచిపెట్టునదియు ఇదియే. రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టి, దీపము అద్దమువలె మెరయగానే పని ముగిసినదని చేతులు కడుగుకొందురు. నిజమునకు అప్పుడు ఆ దీపము ఏ రక్షణయు లేక ఎండలో నిలిచియున్నది. కొన్ని నెలలలో అది తిరిగి పచ్చబడకుండుట యసంభవము. కావున పాలీకార్బొనేటు దీపములకని, అతినీలలోహిత కిరణముల నాపునదని డబ్బీపై స్పష్టముగా వ్రాసియున్న పూతనే కొని పూయవలెను. కొయ్య సామానునకు వేయు వార్నీషు దీనికి పనికిరాదు. ఇట్టి పూత పూయదలచినప్పుడు కాంపౌండుతో నున్నగా మెరుగు పెట్టుటయు తగదు. సన్నని గరుకు ఉన్నప్పుడే పూత పట్టుకొనును. ఆ గరుకు గీతలను, నీటి పరీక్షలో నీరు నింపినట్లే, పూత నింపివేయును. అయితే నీరు ఆరిపోవును, పూత నిలిచియుండును.

పూయుటకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుపోగులు రాలని గుడ్డతో కప్పును తుడిచి, ఆరనిచ్చి, ఆపై వ్రేలితో తాకకుండుట అవసరము. వ్రేలి జిడ్డు తగిలిన చోట పూత నిలువదు. ఎండ, గాలి, తేమ తక్కువగా నున్న వేళ చూచుకొని, మందముగా ఒక్కసారి గాక, పలుచగా రెండు మూడు పొరలుగా పూయవలెను. పొరకు పొరకు నడుమ ఎంత వ్యవధి ఈయవలెనో డబ్బీపై నుండును. పూత పూర్తిగా గట్టిపడువరకు కారును దుమ్ములోనికి తీయరాదు, నీటితో కడుగరాదు. ఇట్లు చేసిన పూత కర్మాగారపు పూతకు సరిసమానము కాదు. కారు నిలుచు చోటును బట్టి కొంతకాలమునకు తిరిగి పూయవలసి యుండును. అయినను పైన పేర్కొన్న 2018 నాటి పరీక్షలో బాగుచేసిన దీపములు కొత్తవాని కాంతిలో నూటికి 70 పాళ్ల వరకు తిరిగి ఇచ్చినవి. ఇరువది రెండునుండి డెబ్బదికి వచ్చుట సామాన్యమైన లాభము కాదు.

ఇంటిలో ఈ పని చేయువారు తమ మేనిని గూడ కాపాడుకొనవలెను. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరింపవలెను. రుద్దునప్పుడు తడిగా రుద్దుట దీపమునకే గాక ఊపిరికిని మేలు. పొడి గాలిలోనికి లేవదు. పిచికారీ పూతను తలుపులు మూసిన షెడ్డులో వాడరాదు. దరిదాపుల బీడీ, సిగరెట్టు, పొయ్యి ఉండరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. రెండు డబ్బాలలోని ద్రవములను కలిపి వాడు గట్టి లక్కర్లు కొన్ని కలవు. వానిలో ఐసోసయనేటులను రసాయనములుండును. అవి ఊపిరితిత్తులలోనికి పోయినచో ఉబ్బసము తెప్పింపగలవు. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట వానినుండి రక్షింపజాలదు. అట్టి పూతను తగిన సాధనములు గల పనివారికే విడిచిపెట్టవలెను.

పని ముగిసిన తరువాత దీపపు చూపును సరిచూచుకొనవలెను. సమతలమైన నేలపై, గోడకు 10 మీటర్ల దూరమున కారు నిలిపి, డిమ్ము వెలిగించినచో, అనేక కార్లలో వెలుగు పైగీత దీపము ఎత్తుకంటె సుమారు 10 సెంటిమీటర్లు దిగువగా పడవలెను. మీ కారుకు తగిన కొలత బానెట్టు క్రింద గాని, దీపము మీద గాని నూటికి ఇంత యని ముద్రించి యుండును. గీత స్పష్టముగా కనబడక చెదరియుండినచో మసక ఇంకను పోలేదనుకొనవలెను. ఎంత బాగుచేసినను గీత తేటపడని దీపమును, లోతుగా బీటలు వారిన దీపమును మార్చుటయే మేలు. అచ్చట పొదుపు చూచుకొనుట తగదు.

ఇక నిత్యము చేయదగినవి స్వల్పములు. కారును నీడలో నిలుపుడు. నీడ లేనిచో ముందుభాగము గోడ వైపునకో చెట్టు వైపునకో త్రిప్పి నిలుపుడు. ఉదయమున కారు తుడుచు కుర్రవాడు పొడిగుడ్డతో దీపమును తుడువకుండ చూడుడు. ఆ గుడ్డలో నిన్నటి ఇసుక యుండును. ముందు నీరు చిలికి, దుమ్ము జారిన తరువాతనే మెత్తని గుడ్డ తాకింపవలెను. రాత్రి ప్రయాణమున అంటుకొని ఎండిన పురుగులను గోటితో గీకక, తడిగుడ్డ కొంతసేపు కప్పి నాననిచ్చినచో తామే ఊడివచ్చును. ఆరు నెలలకొకసారి ఒక చెంబెడు నీటితో పరీక్ష చేసికొనుడు.

దీపము వెలుగుచున్నదా లేదా యని మాత్రమే మనము చూచుట అలవాటు. అది ఎంతవరకు చూపుచున్నదను ప్రశ్న వేసికొనుట అంతకంటె అవసరము. తరువాతి రాత్రి ప్రయాణమునకు తాళపుచెవి చేతబట్టకముందే, పగటివేళ ఒకసారి మీ కారు ఎదుట నిలుచుండి దాని కండ్లలోనికి చూడుడు. అవి తేటగా లేకపోయినచో, చీకటిలో రోడ్డు అంచున నడచుచున్న ఆ కంబళి బాటసారి మీకు కనబడువేళకు ఆలస్యమై యుండవచ్చును.